వేలిముద్ర పడకపోతే నేను పనికి రానట్టేనా?

పుస్తకాల_పురుగు
బైండింగ్ సెక్షన్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. రోజంతా కాగితాలు మడవడం, దొంతర్లు సరిచేయడం, జిగురు పూయడం. ఏడాది కిందట మా దగ్గర హాజరు రిజిస్టర్ తీసేసి థంబ్ మెషిన్ పెట్టారు. మొదట్లో రెండు మూడు సార్లు నొక్కితే పడేది. ఇప్పుడు పది సార్లు నొక్కినా ఎర్ర లైటే. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. చేయి తుడుచుకో అని ఒకరు, వేలి మీద ఊదు అని ఇంకొకరు. అసలు సంగతేంటంటే నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వెలుతురులో పెట్టి చూస్తే నున్నగా ఉన్నాయి.

పోయిన నెల మూడు రోజులకి సగం రోజు జీతం కోశారు. ఆ మూడు రోజులూ నేను ఎనిమిదింటికే లోపల ఉన్నాను, పక్కన పని చేసే నలుగురూ చూశారు. సూపర్‌వైజర్‌ని అడిగితే "మెషిన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు ముఖం స్కాన్ చేసే మెషిన్ కూడా తెస్తున్నారు. ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. "నా బయోమెట్రిక్ వివరాలు తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను" అని ఒక్క వాక్యమే ఉంది అందులో. ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, నేను మానేస్తే ఏం చేస్తారు అన్నది ఏమీ లేదు. సంతకం పెట్టనా వద్దా? వీటితో నిజంగా ఉన్న ఇబ్బందులేంటో తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారంలోపు ఇవ్వాలి.

వానచినుకు
మా అమ్మకీ ఇదే బాధ. ఇరవై ఏళ్లు బట్టలు ఉతికిన చేతులు. ఎక్కడ వేలు పెట్టమన్నా ఆవిడకి ముందే టెన్షన్ మొదలవుతుంది. అప్పుడే సంతకం పెట్టకండి అక్కా, నాలుగు రోజులు ఆగండి.

తెల్లకోటు
నేను నర్సుని. చేతులు కడిగీ కడిగీ, శానిటైజర్ రాసీ రాసీ మా వార్డులో చాలామందికి థంబ్ సరిగ్గా పడదు. ముందు మీకు వెంటనే పనికొచ్చేది చెప్తాను. కాగితం రాపిడికి బొటనవేలు, చూపుడువేలు ముందు అరుగుతాయి. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు చూసుకోండి, అక్కడ గీతలు ఇంకా మిగిలి ఉండొచ్చు. ఆ వేళ్లతో మళ్లీ నమోదు చేయమనండి. రాత్రి పడుకునేముందు వేళ్లకి వాజిలైన్ రాయండి, పొద్దున మెషిన్ దగ్గరికి వెళ్లేముందు మాత్రం జిడ్డు లేకుండా తుడుచుకోండి. చర్మం మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా సెన్సార్ సరిగ్గా చదవదు. అరిగిన గీతలు కొన్ని వారాలు ఆ పని మానేస్తే చాలావరకు తిరిగి వస్తాయి. కానీ పని మానేసి ఇల్లు గడిచేదెలా?

ఇంకో సంగతి. క్యాన్సర్‌కి వాడే కాపెసిటబిన్ అనే మందుతో కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం పొట్టులా లేచిపోతుంది, దాంతోపాటే వేలిముద్రలూ పోతాయి. 2008 డిసెంబర్‌లో సింగపూర్ నుంచి అమెరికా వెళ్లిన 62 ఏళ్ల పెద్దాయన్ని ఈ కారణంతోనే విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపారు. ఆయన వైద్యుడు 2009లో ఒక వైద్య పత్రికకు ఈ సంగతి రాశారు, మిగతా రోగులనైనా ముందే హెచ్చరించమని. పుట్టుకతోనే వేలిముద్రలు లేనివాళ్లు కూడా ఉన్నారు, చాలా అరుదు. ఒంటి మీద ఉన్నది కదా, ఎప్పటికీ మారదు అనుకుంటాం. మారుతుంది.

పాతలాగిన్
"మెషిన్ అబద్ధం చెప్పదు" అన్న మాటకి జవాబు ఇవ్వాలనిపించి రాస్తున్నాను. ఇలాంటి సిస్టమ్‌ల మీద పని చేశాను.

పాస్‌వర్డ్ అయితే అక్షరం అక్షరం సరిపోవాలి, సరిపోయిందా లేదా అంతే. వేలిముద్ర ఏ రెండు సార్లూ ఒకేలా పడదు. ఒకసారి కొంచెం పక్కకి, ఒకసారి గట్టిగా, ఒకసారి చెమటతో. అందుకని మెషిన్ పాత ముద్రకీ కొత్త ముద్రకీ పోలిక ఎంత ఉందో చూసి మార్కులు వేస్తుంది. ఆ మార్కులు ఒక హద్దు దాటితే పచ్చ లైటు, దాటకపోతే ఎర్ర లైటు. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది మనుషులు ఎంచుకునే సెట్టింగ్. హద్దు పెంచితే పరాయివాళ్లు దూరలేరు కానీ సొంతవాళ్లు కూడా బయట నిలబడిపోతారు. తగ్గిస్తే సొంతవాళ్లకి ఇబ్బంది తగ్గుతుంది, పరాయివాళ్లకి దారి దొరుకుతుంది. రెండు తప్పుల్నీ ఒకేసారి సున్నాకి తెచ్చే సెట్టింగ్ ఎక్కడా లేదు. పుస్తకాల_పురుగు గారి విషయంలో మెషిన్ చెప్పింది "ఈవిడ రాలేదు" అని కాదండీ. "పోలిక చాలినంత దొరకలేదు" అని. దాన్ని "రాలేదు" అని రాసుకున్నది మనుషులు.

యంత్రం పోలిక చెప్పాక మనుషులు కళ్లు మూసుకుంటే ఏమవుతుందో 2004లో చూశాం. స్పెయిన్‌లో మాడ్రిడ్ రైలు బాంబు దాడుల తర్వాత ఒక సంచి మీద దొరికిన ముద్రను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కంప్యూటర్‌తో వెతికించింది. పోలికలున్నవాళ్ల జాబితాలో ఓరెగాన్ రాష్ట్రంలోని ఒక న్యాయవాది పేరు వచ్చింది. అనుభవం ఉన్న నిపుణులే ఆయనదే అని తేల్చేశారు. స్పెయిన్ పోలీసులు మొదటి నుంచీ అనుమానం చెప్తూనే ఉన్నారు. ఆ న్యాయవాది రెండు వారాల పాటు నిర్బంధంలో ఉన్నాక ఆ ముద్ర వేరే మనిషిదని స్పెయిన్ తేల్చింది. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, 2006లో అమెరికా ప్రభుత్వం ఆయనకి 20 లక్షల డాలర్లు ఇచ్చింది. హాజరు మెషిన్‌కీ దీనికీ పోలికేంటి అనకండి. అలవాటు అదే.

వాదనప్రియ
ఇబ్బంది అర్థమైంది, కానీ మొత్తం బయోమెట్రిక్‌నే తిట్టడం నాకు నచ్చలేదు. పాస్‌వర్డ్‌లు అంత గొప్పవా? మా నాన్నగారు తన పిన్ చీటీ మీద రాసి ఫోన్ కవర్‌లో పెట్టుకునేవారు. అన్ని యాప్‌లకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లు ఎంతమందో. బస్సులో పక్కవాళ్లు మన పిన్ చూసేస్తారు, వేలిని అలా చూసి దొంగిలించలేరు.

లెక్కలు కూడా చూడండి. నాలుగంకెల పిన్‌ని గుడ్డిగా ఊహిస్తే 10,000లో ఒక ఛాన్స్. ఆపిల్ చెప్పే ప్రకారం ఐఫోన్ వేలిముద్ర తాళం టచ్ ఐడీలో ఎవరో తెలియని మనిషి వేలు పొరపాటున సరిపోయే అవకాశం 50,000లో ఒకటి, ముఖం చూసి తెరిచే ఫేస్ ఐడీకి 10 లక్షల్లో ఒకటి కంటే తక్కువ. నాన్నగారికి వేలిముద్ర పెట్టాక ఆ చీటీ చింపేశాం. ఆయనకి ఎంత హాయి అయిందో నాకు తెలుసు.

కవలల్లో_పెద్ద
ఆ 10 లక్షల లెక్క మా ఇంట్లో చెల్లదు. నా ఫోన్‌ని మా చెల్లి ముఖం చూపించి తెరుస్తుంది, మొదటి రోజు నుంచీ. కవలలకి, పోలికలున్న తోబుట్టువులకి, 13 ఏళ్ల లోపు పిల్లలకి ఆ లెక్క వర్తించదని ఆపిలే చెప్తుంది. కావాలంటే పాస్‌కోడ్ వాడుకోమంటుంది. చెల్లి అంటే నాకు ప్రాణం, కానీ నా బ్యాంకు యాప్ కూడా ఆ ముఖంతోనే తెరుచుకుంటుందని తెలిసిన రోజు మాత్రం భయం వేసింది.

గొంతు విషయంలోనూ అంతే. 2017లో ఒక బీబీసీ విలేఖరి తన బ్యాంకు ఖాతాకి గొంతు గుర్తింపు పెట్టుకుంటే, ఆయన కవల సోదరుడు ఆయన గొంతు అనుకరించి ఫోన్‌లో లోపలికి వెళ్లగలిగాడు. వాళ్లు అచ్చు ఒకేలా ఉండే కవలలు కూడా కాదు. ఎనిమిదోసారికి తెరుచుకుంది.

పాతలాగిన్
వాదనప్రియ గారూ, లెక్క సరైనదే, నాన్నగారి విషయంలో మీరు చేసింది కూడా సరైనదే. కానీ ఆ లెక్క "తెలియని మనిషి పొరపాటున" అన్నదానికి. కావాలని చేసేవాడి సంగతి వేరు, వాడు లక్ష మందిలో వెతకడు, మీ వేలి గుర్తు ఉన్న గ్లాసు తీసుకుంటాడు.

ఇంకో పెద్ద తేడా ఉంది. పాస్‌వర్డ్ బయటికి పోతే ఐదు నిమిషాల్లో మార్చుకుంటాం. వేళ్లు పదే, ముఖం ఒకటే. 2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల వివరాలు చూసే ఓపీఎం అనే కార్యాలయం నుంచి దొంగలు డేటా ఎత్తుకుపోయారు. మొదట 11 లక్షల మంది వేలిముద్రలు పోయాయన్నారు, తర్వాత దాన్ని 56 లక్షలుగా సవరించారు. ఆ 56 లక్షల మందికి ఇంకో జత చేతులు ఎవరిస్తారు? ఈ రోజు పోయిన ముద్ర ముప్పై ఏళ్ల తర్వాత కూడా వాళ్లదే.

సున్నా_ఒకటి
పాతలాగిన్ అన్న గ్లాసు సంగతి ఊహ కాదు. చాలాసార్లు చేసి చూపించారు.

2002లో జపాన్‌లోని యోకొహామా జాతీయ విశ్వవిద్యాలయంలో త్సుతోము మత్సుమోతో బృందం వంటింట్లో దొరికే జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసింది. మార్కెట్లో ఉన్న 11 రకాల సెన్సార్ల మీద పెట్టి చూస్తే అన్నీ మోసపోయాయి. 2013 సెప్టెంబర్‌లో ఐఫోన్ 5ఎస్ వచ్చిన రెండు మూడు రోజులకే జర్మనీలోని ఖావోస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు గాజు మీద పడిన ముద్రని ఫొటో తీసి, దాంతో పల్చటి నకిలీ ముద్ర తయారుచేసి టచ్ ఐడీ తెరిచారు. అదే క్లబ్‌లోని యాన్ క్రిస్లర్ 2014 డిసెంబర్‌లో ఇంకా ముందుకెళ్లాడు. అప్పటి జర్మనీ రక్షణ మంత్రి ఉర్సులా ఫొన్ డెర్ లాయెన్ బొటనవేలి ముద్రని, పత్రికా సమావేశంలో మామూలు కెమెరాతో తీసిన ఫొటోల నుంచే తయారుచేసి చూపించాడు. ఆవిడ ఏ గ్లాసూ ముట్టుకోనక్కర్లేదు.

పోయేచోటల్లా మనం వదిలేసి వచ్చే గుర్తు వేలిముద్ర. ముఖమైతే ఎప్పుడూ బయటే ఉంటుంది. రోజంతా అందరికీ చూపిస్తూ తిరిగేదాన్ని తాళంచెవిగా ఎలా నమ్ముతాం? పేరులాగా వాడుకోవచ్చు, "నేను ఫలానా" అని చెప్పడానికి. పేరు చెప్పినంత మాత్రాన బీరువా తెరవం కదా.

వానచినుకు
ఆ చివరి మాట మా అమ్మకి చదివి వినిపించాను. "పేరు చెప్తే బీరువా తెరుస్తారా ఎవరైనా" అని రెండుసార్లు అంది.

వాదనప్రియ
2013, 2014 సంగతులు పాతవి కదా. ఇప్పుడు సెన్సార్లు మారాయి, బతికి ఉన్న వేలా కాదా అని కూడా చూస్తాయి.

సున్నా_ఒకటి
మారాయి, నిజమే. కొన్ని రకాల దాడులు ఇప్పుడు కష్టం. అయినా 2019 అక్టోబర్‌లో ఏమైందో చూడండి. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10కి ఒక రకం సిలికాన్ కవర్ తొడిగితే ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంది. స్క్రీన్ కింది సెన్సార్ ఆ కవర్ మీది నమూనానే వేలిముద్ర అనుకుంది. శామ్‌సంగ్ వెంటనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. 2023లో చైనా పరిశోధకులు బ్రూట్‌ప్రింట్ అనే దాడి చూపించారు. ఐదుసార్లు తప్పితే ఆగిపోవాలన్న కట్టడిని దాటవేసి, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల మీద ఆపకుండా ముద్రలు ప్రయత్నించారు. ఫోన్ చేతికి దొరకాలి, విప్పాలి, టైం కావాలి. వీధి దొంగ చేసే పని కాదు. కానీ "ఇక కుదరదు" అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకో చిన్న విషయం: ఫోన్ సెన్సార్ చిన్నది, వేలిలో ఒక ముక్కనే చదువుతుంది. అందుకే నమోదు చేసేటప్పుడు పదేపదే నొక్కమని చాలా ముక్కలు దాచుకుంటుంది. ఏదో ఒక ముక్క కలిస్తే చాలు. పూర్తి ముద్ర కలవడం కంటే ముక్క కలవడం తేలిక.

నిద్రలేని_గువ్వ
రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. హ్యాకర్లు, జెలటిన్ అన్నీ సరే. నాకు జరిగింది ఇంకా మామూలుది. నేను నిద్రపోతుంటే నా వేలు తీసుకుని ఫోన్ మీద పెట్టి తెరిచారు. ఎవరన్నది రాయను. నెలల తరబడి అలా చదివారు. పిన్ అయితే నేను చెప్పాలి, నా నోటి నుంచి రావాలి. వేలికి నా ఒప్పుకోలుతో పని లేదు. అది తెలిశాక చాలా రోజులు నాకు నా చేయి మీదే కోపం వచ్చింది, ఎంత పిచ్చి ఆలోచనో తెలిసినా.

తెల్లకోటు
గువ్వా, ఇది రాసినందుకు నీకు ఎంతో ధైర్యం ఉంది తల్లీ. తప్పు నీ చేతిది కాదు, నీదీ కాదు. వార్డులో మత్తులో ఉన్న పేషెంట్ వేలు ఫోన్ మీద పెట్టబోయిన బంధువుని నేను ఒకసారి ఆపాను. "బిల్లు కట్టాలి సిస్టర్" అన్నాడు. అది నిజమే కావచ్చు. అయినా ఆపాను.

పాతలాగిన్
నిద్రలేని_గువ్వ గారూ, ఇది మీకే కాదు, చదివే అందరికీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి పవర్ బటన్ మెనూలో లాక్‌డౌన్ అనే ఆప్షన్ ఉంటుంది, కొన్నిట్లో ముందు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. అది నొక్కితే తర్వాతిసారి పిన్ కొట్టేదాకా వేలు, ముఖం పనిచేయవు. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి రెండు సెకన్లు నొక్కి ఉంచితే అదే జరుగుతుంది. ఏ ఫోన్ అయినా ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే మొదటిసారి పిన్ అడుగుతుంది. పడుకునేముందు ఇది అలవాటు చేసుకోండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరు పెట్టనివి వేరే వేలిముద్రలేమైనా నమోదై ఉన్నాయేమో చూడండి, ఉంటే తీసేయండి. అన్నిటికంటే తేలిక, మీకు వేలిముద్రే వద్దనిపిస్తే ఆపేసి ఆరంకెలకి తక్కువ కాని పిన్ పెట్టుకోండి.

నిద్రలేని_గువ్వ
చూశాను. నాది కాని వేలు ఒకటి ఉంది. తీసేశాను. ధన్యవాదాలు.

అద్దంలో_చందమామ
పుస్తకాల_పురుగు గారు ముఖం మెషిన్ గురించి అడిగారు కదా, దాని గురించి చెప్తాను. నాది బాగా నల్లని ఒళ్లు. ఒక యాప్‌లో ఖాతా తెరవడానికి ముఖం చూపించమంటే గుండ్రటి గీతలో ముఖం పెట్టి, కళ్లు ఆర్పి, తల తిప్పి, అరగంట. "వెలుతురులోకి రండి" అంటుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో నిలబడి ఉన్నాను. మా తమ్ముడు తెల్లగా ఉంటాడు, వాడికి మొదటిసారికే అయిపోయింది. చిన్నప్పటి నుంచీ విన్న మాటలన్నీ ఆ అరగంటలో మళ్లీ విన్నట్టు అనిపించింది.

సున్నా_ఒకటి
అక్కా, కెమెరా వెలుతురు పట్టుకోలేకపోవడం మీకు ఎదురైన ఇబ్బంది. దీని వెనక ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది బయటికి కనిపించదు. అమెరికాలో ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2019 డిసెంబర్‌లో 189 ముఖ గుర్తింపు ప్రోగ్రాముల్ని పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఒకరి ముఖాన్ని ఇంకొకరిదిగా పొరబడే తప్పు, ఆఫ్రికా, తూర్పు ఆసియా మూలాలున్నవాళ్ల విషయంలో చాలా ప్రోగ్రాముల్లో 10 నుంచి 100 రెట్లు ఎక్కువ కనిపించింది. అంటే వాళ్ల ఫోన్, వాళ్ల ఖాతా పరాయి ముఖానికి తెరుచుకునే అవకాశం ఎక్కువ. మరో సంగతి, చైనాలో తయారైన కొన్ని ప్రోగ్రాములు తూర్పు ఆసియా ముఖాల మీద ఆ తప్పు అంతగా చేయలేదు. ఎవరి ముఖాలు చూపించి నేర్పారన్న దాన్ని బట్టి ఫలితం మారుతుండొచ్చనే కదా దీనర్థం. తప్పు మీ రంగులో లేదు.

అద్దంలో_చందమామ
ఆ చివరి వాక్యం అవసరమైంది తమ్ముడూ.

కవలల్లో_పెద్ద
ముఖం గురించే ఇంకొకటి. 2024లో గ్రూప్-ఐబీ అనే భద్రతా సంస్థ గోల్డ్‌పికాక్స్ అనే దొంగ యాప్ గురించి బయటపెట్టింది. ప్రభుత్వ సేవల యాప్‌లా నటించి, ధ్రువీకరణ అంటూ ముఖాన్ని వీడియో తీయించుకునేది. ఆ వీడియోలతో డీప్‌ఫేక్, అంటే కంప్యూటర్‌తో నకిలీ ముఖం వీడియో చేసి బ్యాంకు ఖాతాల్లోకి వెళ్లడానికి అన్నారు. ఎక్కువగా థాయ్‌లాండ్‌లో జరిగింది. తెలియని యాప్ "తల అటు తిప్పు, ఇటు తిప్పు" అంటే నేను ఇప్పుడు ఆగిపోతాను.

హెచ్ఆర్_అక్క
నేను ఇదే పని చేసేదాన్ని, అవతలి వైపు నుంచి కూడా వినండి. కంపెనీలు ఈ మెషిన్లు పెట్టేది ఎక్కువగా ఒకరి హాజరు ఇంకొకరు వేయకుండా. ఆ సమస్య నిజంగా ఉంది, నేనే పట్టుకున్నాను. కానీ దానికి మనిషి ఒంటి వివరాలే తీసుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న.

బ్రిటన్‌లో సమాచార కమిషనర్ కార్యాలయం 2024 ఫిబ్రవరిలో అచ్చం ఇలాంటి విషయంలోనే ఆదేశం ఇచ్చింది. సెర్కో లెజర్ అనే సంస్థ 38 కేంద్రాల్లో 2,000 మందికి పైగా ఉద్యోగుల ముఖాలు, వేలిముద్రలు హాజరు కోసం వాడుతుంటే ఆపేయమంది. ఐడీ కార్డో, ఇంకేదో సరిపోయే చోట ఇంత అవసరం అని సంస్థ చూపించలేకపోయిందని, ఉద్యోగులకి వద్దు అనే దారే ఇవ్వలేదని చెప్పింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 2008 నుంచే చట్టం ఉంది. ఎందుకు తీసుకుంటున్నారో, ఎన్నాళ్లు ఉంచుతారో రాసి ఇచ్చి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే తీసుకోవాలి. లేకపోతే మనిషి కోర్టుకి వెళ్లొచ్చు. ఆ చట్టం కిందే ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అందుకని నేను చెప్పేది మంచి హెచ్ఆర్ ఎవరైనా జవాబు ఇవ్వాల్సిన ప్రశ్నలు. ముద్ర మెషిన్‌లోనే ఉంటుందా, సర్వర్‌కి వెళ్తుందా? మెషిన్ అమ్మిన కంపెనీ చూడగలదా? నేను ఉద్యోగం మానేశాక ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు, చెరిపేశామని రాసిస్తారా? మెషిన్ తీసుకోనప్పుడు హాజరుకి వేరే దారి ఏంటి? ఈ నాలుగూ కాగితం మీద అడగండి. "సంతకం పెట్టను" అని రాయకండి, "ఇవి చేర్చి ఇస్తే పెడతాను" అని రాయండి. మీ మీద మొండి అన్న ముద్ర పడదు.

పాతలాగిన్
హెచ్ఆర్_అక్క గారి మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. వాదనప్రియ గారి నాన్నగారి ఫోన్‌కీ ఈ హాజరు మెషిన్‌కీ తేడా అక్కడే. మంచి ఫోన్లలో వేలిముద్ర వివరం ఫోన్‌లోని ప్రత్యేక భద్రతా భాగం దాటి బయటికి పోదు, యాప్‌కి "అవును, కాదు" అన్న జవాబే వెళ్తుంది. పాస్‌వర్డ్ బదులు వాడే పాస్‌కీలు కూడా అలాగే, వేలు ఫోన్‌లో ఉన్న తాళాన్ని తెరుస్తుంది, వెబ్‌సైట్‌కి వేలు పోదు. వేలమంది ముద్రలు ఒకేచోట పోగుపడే సర్వర్ అయితే దొంగకి ఒక్క దెబ్బకే అన్నీ దొరుకుతాయి.

"మేం ఫొటో దాచం, కోడ్ మాత్రమే దాస్తాం" అంటారు అమ్మేవాళ్లు. పూర్తిగా నమ్మకండి. గీతలు ఎక్కడ చీలాయో, ఎక్కడ ఆగాయో ఆ గుర్తుల పట్టికే ఆ కోడ్. 2007లోనే ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పట్టిక నుంచి మెషిన్‌ని మోసం చేయగలిగేంత ముద్రని తిరిగి గీసి చూపించారు.

సున్నా_ఒకటి
దాచినవి ఎవరి చేతికి పోతాయో కూడా మన చేతిలో ఉండదు. ఖావోస్ కంప్యూటర్ క్లబ్ వాళ్లు ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో అమెరికా సైన్యం వాడిన పాత బయోమెట్రిక్ పరికరాలు కొన్నారు. 2022 చివర్లో వార్త వచ్చింది. అందులో ఒకటి 68 డాలర్లు. లోపల 2,632 మంది పేర్లు, ఫొటోలు, వేలిముద్రలు, కనుపాప స్కాన్లు అలాగే ఉన్నాయి, ఎక్కువమంది అఫ్గానిస్తాన్, ఇరాక్ వాళ్లు. సైన్యానికి సాయం చేసినవాళ్లు కూడా అందులో ఉంటే వాళ్ల ప్రాణాలు ఏమవ్వాలి? తీసుకున్న రోజు అది చెక్‌పోస్టులో ఒక చిన్న పని మాత్రమే.

వాదనప్రియ
సరే, ఈ తేడా నేను సరిగ్గా చూడలేదు. నాన్నగారి ఫోన్ గురించి నా మాట మార్చుకోను. కానీ ఆయన ముఖం, వేళ్లు ఎవరో సర్వర్‌లో పెట్టుకుంటామంటే నేనూ ప్రశ్నలు అడుగుతాను. పుస్తకాల_పురుగు గారికి కోసిన జీతం మాత్రం వెనక్కి రావాలి. దాని గురించి ఎవరూ రాయట్లేదేంటి?

హెచ్ఆర్_అక్క
నిజమే, అది ముందు రాయాల్సింది. మెషిన్ లాగ్, అంటే దాని లోపల నమోదైన చిట్టా తీయమనండి. చాలా మెషిన్లలో పడని ప్రయత్నాలు కూడా టైంతో సహా నమోదవుతాయి. ఎనిమిదింటికి పదిసార్లు ఫెయిల్ అయినట్టు ఉంటే ఆ సమయానికి ఎవరో అక్కడ నిలబడి నొక్కారనే కదా. పక్కన పనిచేసే నలుగురి సంతకాలు కూడా జత చేయండి.

పుస్తకాల_పురుగు
అందరివీ రెండేసి సార్లు చదివాను. సోమవారం అయిపోయింది, ఏమైందో చెప్పాలి కదా.

తెల్లకోటు అక్క చెప్పినట్టు వేళ్లన్నీ వెలుతురులో చూసుకున్నాను. ఎడమ ఉంగరపు వేలు బాగుంది. శనివారం దాంతో నమోదు చేయించుకున్నాను, రెండు రోజులుగా రెండోసారికి పడుతోంది. సూపర్‌వైజర్ లాగ్ తీయడానికి మొదట ఒప్పుకోలేదు. కాగితం మీద అడిగితే తీశారు. రెండు రోజులకి 7:52కి, 7:55కి వరుసగా ఫెయిల్ అయినట్టు ఉంది. ఆ రెండు సగం రోజులూ తిరిగి ఇస్తామన్నారు. మూడో రోజు లాగ్‌లో ఏమీ లేదు, ఆ రోజు మెషిన్ ఆగిపోయి ఉంది. ఆగిపోయిన మెషిన్ కూడా నన్ను రాలేదనే అంది. దానికోసం నలుగురి సంతకాలు ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు.

ముఖం కాగితం మీద సంతకం పెట్టలేదు. దాని బదులు ఇది ఇచ్చాను. ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను:

"నా ముఖం, వేలిముద్రల వివరాలు ఎక్కడ ఉంచుతారో, ఎవరు చూడగలరో, నేను ఉద్యోగం మానిన ఎన్ని రోజుల్లో చెరిపేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. మెషిన్ నా వేలిముద్రను తీసుకోని రోజున రిజిస్టర్‌లో సంతకం చేసే వీలు కల్పించగలరు. పదకొండేళ్లుగా కాగితంతో పనిచేయడం వల్ల నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఇవి తెలియజేసిన తర్వాత అంగీకార పత్రం గురించి నా నిర్ణయం చెప్పగలను."

ఇచ్చిన మధ్యాహ్నమే మా సెక్షన్‌లో ఇంకో ఆరుగురు దాని కాపీ అడిగారు. అందులో ఇద్దరికి వేళ్లు నా కంటే నున్నగా ఉన్నాయి, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

వానచినుకు
ఆ కాగితం ప్రింట్ తీసుకుంటున్నా అక్కా, అమ్మ కోసం. "కాగితంతో" అన్న చోట "బట్టలతో" అని మారుస్తాను.